తడిసిన సూది

కువైట్,
12 ఏప్రిల్ 2005

భూమన్నకు చెల్లె ప్రేమల దండం పెట్టి రాస్తున్న.

నేను మంచిగనే ఉన్న. అవ్వకు, వదినెకు గదే చెప్పు. మొన్న ఫోన్ చేస్తిని కదా, ఏమన్న మాట్లాడుకున్నమా? అవ్వ ఏడ్సుడు, నేను ఏడ్సుడు, కార్డు అయిపోవుడు. ఇగ ఫోన్ వద్దన్నా. కాయితమే మంచిది. మధ్యల ఏడ్సినా రాసింది ఎటూ పోదు.

ఒక కష్టమొచ్చింది. నువ్వు బాన్సువాడ బస్టాండు కాడ టీవీలు, రేడియోలు ఇప్పి బాగుచేసేటోడివి, నీకు గాక ఎవ్వలికి చెప్పుకోవాలె? మా మేడం ఇంట్ల కరెంటు పొయ్యి ఉన్నది, ఓవెన్ అంటరు. గోడల పెట్టిన ఇనుప బీరువ లెక్క ఉంటది. దాంట్ల గొర్రె తొడను తొడ లెక్కనే పెట్టి కాలుస్తరు. ముక్కలు కొట్టుడు లేదు, గంటె పెట్టి కలుపుడు లేదు. మరి లోపల ఉడికింది లేంది ఎట్ల తెలుస్తది? దానికి ఒక సూది ఇచ్చిండ్రు, దబ్బనమంత పొడుగుంటది. దాన్ని తొడ నడిమిట్లకు గుచ్చాలె. సూది ఎనుక వైరు, వైరు కొసకు పిన్ను. ఆ పిన్నును ఓవెన్ లోపటి గోడకున్న బొక్కల పెడితే బయట అద్దం మీద అంకెలొస్తయి. మాంసం లోపల ఎంత వేడున్నదో ఆ అంకె చెప్తది. కావల్సినంత వేడి కాంగనే కుయ్యిమని మొత్తుకొని ఓవెన్ తనంతల తానే బందైతది.

ఇప్పుడు ఆ అంకెలు వస్తలేవు. పిన్ను పెడితే గీతలు మినుకు మినుకుమని పోతున్నయి. నేనే చెడగొట్టిన అంటున్నది మేడం. కొత్తది ఈడ దొరకదట, వేరే దేశం నుంచి తెప్పియ్యాలెనట. ఎండకాలం వాళ్లంత బయటి దేశం పోయేటప్పుడు నన్ను ఇంటికి పంపుత అని మాటిచ్చింది. నా పాస్‌పోర్టు ఆమె బీరువలనే ఉన్నది. ఆమె మొకం మాడితే నా రాకడ గూడ మాడుతది.

పొట్టేలు ఎట్లున్నది? కొమ్ములు తిరిగినయా? మా ఆయన పోయినంక నేను ఈ దేశం ఎక్కిన్నాడు, బిడ్డ సల్లంగ తిరిగొస్తే పెద్దగుట్ట దర్గా కాడ యాటను కోసి పదిమందికి పెడ్త, కందూరు చేస్త అని అవ్వ మొక్కింది. ఆ మొక్కుకే సాదుతున్నది దాన్ని. నేను రాకముందు దాని మీద ఎవ్వలు చెయ్యేసినా ఊకోనని చెప్పు.

సూది సంగతి మటుకు మర్వకు. నా పానం దానిమీదనే ఉన్నది.

నీ చెల్లె,
ప్రేమల

*

బాన్సువాడ,
6 మే 2005

చెల్లె ప్రేమలకు అన్న భూమేశ్ ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం అందినది. ఇక్కడ అందరమూ కుశలము. ఎండలు మండిపోతున్నాయి. కాలువలో నీళ్లు లేవు. నస్రుల్లాబాద్ వైపు పోతే పొలాలన్నీ బోసిగా కనబడుతున్నాయి.

నీవు చెప్పిన సూదిని నేను కంటితో చూడలేదు. అయినా యంత్రం యంత్రమే. రేడియోకు చెవిలో పెట్టుకునే తీగ ఉంటుంది చూడు, దాని పిన్ను వంటిదే ఇదీ అయి ఉంటుంది. పిన్నుకూ లోపలి రేకుకూ మధ్య మడ్డి పేరుకుంటే కరెంటు అందదు. మాంసం కొవ్వు ఆవిరై అక్కడ చేరిందని నా అనుమానం. ముందు ఓవెన్ స్విచ్చి గోడ దగ్గరే ఆపు. పూర్తిగా చల్లారనివ్వు. పిన్నును సన్నని ఉప్పు కాగితంతో మెరిసేదాకా రుద్దు. బొక్కలో పుల్లకు గుడ్డ చుట్టి తిప్పు. ఆ తర్వాత పిన్నును టక్కుమనేదాకా నెట్టు. సగం పెట్టి వదిలేస్తున్నావేమో. నీకు చిన్నప్పటి నుండి ఏదీ గట్టిగా నొక్కే అలవాటు లేదు, సద్దిగిన్నె మూత కూడా.

అవ్వకు నీ ఉత్తరం చదివి వినిపించాను. ఆమె అన్న మాటలు అన్నట్టే రాస్తున్నాను, తప్పు నాది కాదు. "సూదెందుకే దానికి? ఈతపుల్ల లోపటికంట గుచ్చి, తీసి, కింది పెదిమకు ఆనిచ్చుకుంటే తెల్వదా? సుర్రుమంటే ఉడికినట్టు, సల్లగుంటే పచ్చి. గింత పెద్దదానివైనవు, నా కాడ ఏం నేర్సుకున్నవే మొద్దు మొకమా! దొరసాని ఇంట్ల సూది పట్టుకొని కూసున్నదట!"

పొట్టేలు కొమ్ములు ఒక చుట్టు తిరిగాయి. అవ్వ దొడ్లోకి పోతే దొడ్లోకి, వాకిట్లోకి వస్తే వాకిట్లోకి. నిన్న మీ వదిన కొంగు నమిలింది. మీ వదిన దాన్ని తిడితే, అవ్వ మీ వదినను తిట్టింది.

ధైర్యంగా ఉండు. మెరిసేదాకా రుద్దు.

ఇట్లు,
నీ అన్న భూమేశ్

*

కువైట్,
17 జూన్ 2005

భూమన్నా,

ఇగ చూడు నా తలరాత. నువ్వు పేపర్ల వార్త లెక్క "అందినది, కుశలము" అని రాస్తే నవ్వుకుంట చదివిన. చెప్పినట్టే రుద్దిన. టక్కుమనేదాక నెట్టిన. అంకెలొచ్చినయన్నా! ఓవెన్ ముంగట నిలబడి నిన్ను వెయ్యేండ్లు బతుకుమని దీవించిన.

గాడ ఆగితే మంచిగుండు. నువ్వు మెరిసేదాక అన్నవు కదా, నేను ఇంకింత మెర్వాలె అనుకున్న. మాంసం ముట్టిన సామాను చింతపండు పెట్టి తోమాలెనని అవ్వ మనకు నేర్పలేదా? కూర తపేలనైనా, కత్తిపీటనైనా తోమనియ్యకుంట లోపటికి రానిస్తుండెనా? అట్లనే ఈ సూదిని వైరుతోటి సహా చింతపండు నీళ్లల్ల నానేసి, పొద్దున లేసి తోమిన. బంగారం లెక్క తళతళ మెరిసింది.

గా శుక్రారం మేడం అత్తగారోళ్లు వచ్చిండ్రు. తొడ పెట్టిన, సూది గుచ్చిన. అంకె ఎట్ల ఉరికిందనుకున్నవు! నేను ఇంక ఉల్లిగడ్డ కోస్తనే ఉన్న, కుయ్యిమన్నది, బందైంది. ఇంత జల్ది ఉడికిందా అని నాక్కూడ అనిపిచ్చింది. కాని అద్దం మీద అంకె ఉన్నది కదా, నేనెవ్వదాన్ని కాదనెటందుకు? వాళ్ల నడుమ పళ్లెంల పెట్టి కోస్తే లోపలంత నెత్తురు. పైన ఎర్రగ కాలింది, లోపల పచ్చి మాంసం. మేడం పళ్లెం తీసి నా చేతిల పెట్టింది. తిట్టినా బాగుండు.

ఎండకాలం సెలవు బంద్. రంజాన్ అయినంక పండుగ దావత్ మంచిగైతే చూద్దాం అన్నది. వాళ్లు పోతున్నరు, నేను ఇల్లు కావలి.

అవ్వ తిట్లు చదివి ఏడ్సిన, నవ్విన. కింది పెదిమ మీద అంత నల్లమచ్చ పెట్టుకొని పుట్టినామెకు నోరెట్ల ఆగుతది? చెప్పు ఆమెకు, ఈడ ఈతచెట్లు లేవని. సూదికి ఏమైందో చెప్పన్నా.

నీ చెల్లె,
ప్రేమల

*

బాన్సువాడ,
20 జూలై 2005

చెల్లె ప్రేమలకు,

నీ ఉత్తరం చదివి మనసు పాడైంది. దుకాణంలో ఒక టీవీ విప్పి పెట్టుకుని కూడా చేయి ఆడలేదు. నేను మెరిసేదాకా అనకుండా ఉండవలసింది.

అమ్మా, అది తపేలా కాదు. సూదికీ వైరుకూ అతుకు ఉన్నచోట నీళ్లు లోపలికి దిగాయి. తడి ఉన్నచోట కరెంటు అడ్డదారిన పోతుంది. అప్పుడు ఓవెన్‌కు ఉన్నదాని కంటే ఎక్కువ వేడి ఉన్నట్టు కబురు పోతుంది. సూది తడిసిందంటే అబద్ధం చెబుతుందన్న మాట. లోపల పచ్చిగా ఉన్నా ఉడికింది, ఉడికింది అంటుంది.

ఇప్పుడు చేయవలసింది విను. పిన్ను బొక్కలో పెట్టకు. సూదిని వైరుతో సహా ఉత్త ఓవెన్ లోపల జాలీ మీద పెట్టి ఒక మోస్తరు వేడిలో ఎండనివ్వు. చల్లారాక పరీక్ష చేయి. సలసల కాగే నీళ్లలో సూది కొస మాత్రం ముంచితే అంకె నూరు దగ్గర నిలవాలి. మంచు నీళ్లలో ముంచితే సున్నా దగ్గరకు రావాలి. రెండూ సరిగా చెప్తేనే నమ్ము. ఇక ముందు తడిగుడ్డతో తుడువు, అంతే. వైరు నీళ్లలో వేయకు.

అవ్వకు నాలుగు రోజులుగా కొద్దిగా జ్వరం. ఫికరు పడవలసినది కాదు. మాత్రలు తెచ్చాను, మింగడం లేదు, పొట్టేలుకు వేయమంటున్నది. నీ సంగతి చెబితే లేచి కూర్చుని మరీ తిట్టింది: "చింతపండు పెట్టుమన్న గని తీగెను నానబెట్టుమన్ననా? తెలివికి తెల్లారింది! అల్లుడు లేకపాయె, పోరి ఒక్కతే పరాయి దేశంల పచ్చి కూర వండుకుంట కూసున్నది. రమ్మనురా దాన్ని. సూది లేదు, గీది లేదు, రమ్మను. పొట్టేలుకు నా కంటె ఎక్కువ బలిసింది."

కొత్తది వచ్చేదాకా ఈ సూదినే జాగ్రత్తగా చూసుకో.

ఇట్లు,
భూమేశ్

*

కువైట్,
25 ఆగస్టు 2005

భూమన్నకు,

నూరు చూపిచ్చిందన్నా! కాగే నీళ్లల్ల నూరు, ఐసు నీళ్లల్ల ఒకటి. ఒకటిని సున్న కిందనే పట్టుకోవాలె కదా? నిజం చెప్పుడు నేర్సుకున్నది నా సూది.

మేడం ఊరి నుంచి వచ్చినంక ఒక కోడిని కాల్చి చూపిచ్చిన. కత్తితోటి కోసి, లోపట చూసి, తల ఊపింది. పండుగ దావత్ ఒక్కటి గట్టెక్కితే టికెట్ తీస్త అన్నది. ఈసారి నేను గుచ్చి గుచ్చి అడిగిన, వల్లా అని ఒట్టు గూడ పెట్టింది. మంచిదేనన్నా ఆమె. వాళ్ల ముసలి తల్లి మంచంలనే ఉంటది, పండ్లు లేవు. మెత్తగ ఉడికిన తొడ కూర తప్ప ఏం తినది. అందుకే మేడంకు ఈ సూది మీద గింత పానం.

ఒకటే బాధ. పిన్ను మొదట్ల వైరు కదిలితే అంకె పోతున్నది. పట్టుకొని కొంచెం వంకర చేస్తే వస్తున్నది, ఇడిస్తే పోతున్నది. దీనికేం చెయ్యాలె?

అవ్వకు జ్వరం తగ్గిందా? ఆమె కోసమని దుప్పటి తీసి పెట్టిన. ఈడి దుప్పట్లు నువ్వు చూసి ఉంటవు కదా, పులిబొమ్మ ఉంటది, రెండు చేతులకు రాదు. పులిని చూసి పొట్టేలు బెదురుతదేమో. బెదిరితే నాకు రాయి, నవ్వుకుంట.

కందూరుకు పెద్దగుట్ట ఎక్కుడు అవ్వతోటి కాదు. నేను మోస్త అని చెప్పు. చిన్నప్పుడు నన్ను మోసింది కదా, బాకీ తీరుస్త. నువ్వు పొట్టేలును పట్టుకో, నేను అవ్వను పట్టుకుంట. రెండింట్ల ఏది ఎక్కువ తన్నుతదో చూద్దాం.

వస్తున్ననన్నా, ఇగ నిజంగనే వస్తున్న.

నీ చెల్లె,
ప్రేమల

*

బాన్సువాడ,
28 సెప్టెంబరు 2005

చెల్లె ప్రేమలకు భూమేశ్ రాయునది.

నీ ఉత్తరం అందినది. ఇక్కడ అందరమూ బాగున్నాము. వర్షాలు బాగా పడ్డాయి.

వైరు విషయం. పైన తొడుగు బాగున్నా లోపల పోగులు విరిగి ఉంటాయి. ఓవెన్ తలుపు సందులో నలిగి ఉంటుంది. తలుపు వేసేటప్పుడు వైరు ఎక్కడా పడకుండా చూడు. ఏ వంపులో పెడితే అంకె నిలుస్తుందో ఆ వంపులోనే ఉంచి, సన్నని ఇనుప తీగతో వదులుగా చుట్టు. టేపు చుట్టకు, వేడికి కరుగుతుంది. దారం వద్దు, కాలుతుంది. మరీ బిగించకు, ఉన్న పోగులు కూడా తెగుతాయి. గుచ్చేటప్పుడు ఎముకకు తగలనివ్వకు, ఎముక దగ్గర వేడి వేరేగా ఉంటుంది. దావత్ ముందు రోజు ఒకసారి కాగే నీళ్లలో మళ్లీ పరీక్షించు. ఇదంతా తాత్కాలికమే. విరిగిన పోగు అతుకదు. కొత్తది తెప్పించుకోవడమే మంచిదని మీ మేడం గారికి నచ్చజెప్పు.

అవ్వ నిన్ను ఆశీర్వదించినది. నిదానంగా రమ్మన్నది. పొట్టేలు గురించి నీవు ఆలోచన పెట్టుకోకు, వచ్చిన తర్వాత మాట్లాడుకుందాము.

వేళకు తిను. ఒంటరిగా ఎక్కడికీ పోకు. మేడం గారితో చెప్పకుండా ఏ పనీ చేయకు.

ఇట్లు,
నీ అన్న భూమేశ్

*

కువైట్,
7 నవంబరు 2005

భూమన్నా! అవ్వను లేపి కూసోబెట్టు. చెవు కాడ పెద్దగ చదువు. ఇది అవ్వకే రాస్తున్న.

అవ్వా, నీ ఈతపుల్ల గెల్సిందే!

పండుగ దావత్‌కు ఇల్లంత మంది. రెండు తొడలు లోపల పెట్టిన. అన్న చెప్పినట్టే వైరుకు తీగె చుట్టిన, ముందునాడే నీళ్లల్ల పరీక్ష చేసిన, అంత మంచిగనే ఉండె. తీరా సగం కాలినంక అంకె పోయింది. వైరు వంచిన, రాలే. ఇంకో దిక్కు వంచిన, రాలే. పిన్ను తీసి తుడిసి టక్కుమనిపిచ్చిన, గీతలు గూడ రాలే. చచ్చిపోయింది సూది. బయట చుట్టాలు, లోపల నేను. కత్తితోటి కోసి చూద్దామంటే పళ్లెంల అందం పోతది. ఇగ నా సెలవు పోయింది, ఇంగో యాడాది ఈ దేశంలనే అనుకున్న.

అప్పుడు నీ మాటనే యాదికొచ్చింది. ఈతపుల్ల లేదు, కబాబులు గుచ్చే సీకు ఉన్నది. తొడ నడిమిట్లకు గుచ్చిన. లోపట కొంచెం సేపు ఉంచిన. తీసి కింది పెదిమకు ఆనిచ్చుకున్న. సల్లగ ఉన్నది. మళ్ల తలుపు మూసిన. మళ్ల తీసి చూసిన, గోరువెచ్చ. ఇంకింత సేపు ఆగి మళ్ల ఆనిచ్చుకున్న, అవ్వో, సుర్రుమన్నది! ఇనుము కదా, కాలింది. కన్నీళ్లొచ్చినయి. గని గా మంటల గూడ నవ్వొచ్చింది నాకు.

కోస్తే దూది లెక్క విచ్చుకున్నది. మేడం తల్లి ఎముక గూడ చీకింది. చీకి, నా తల మీద చెయ్యి పెట్టి ఏందో అన్నది. ఆ చెయ్యి సేమ్ నీ చెయ్యే అవ్వా, గరుకు.

జనవరిల టికెట్. మేడం నలుగురి ముంగట చెప్పింది.

అన్నా, ఇది విని అవ్వ ఏమంటదో అన్నట్టే రాయి. ఒక్క అక్షరం మింగకు. పోయిన ఉత్తరంల అవ్వ నన్ను ఒక్క తిట్టు తిట్టలే, "ఆశీర్వదించినది" అని రాసినవు. నా పుట్టుక సంది అవ్వ ఎన్నడన్న ఆశీర్వదించిందా? "నిదానంగ రమ్మన్నది" అని రాసినవు. నిదానం అనే మాట అవ్వ నోట్ల ఉన్నదా? నాకు మనసున పడ్తలేదు. పానం మంచిగున్నదా ఆమెకు?

నీ చెల్లె,
ప్రేమల

*

కువైట్,
19 నవంబరు 2005

భూమేశ్ అన్నకు,

నీ జవాబు రాకముందే రాస్తున్న. కోపం ఆగుత లేదు.

నిన్న బకాలా దుకాణం కాడ మన బాన్సువాడ సమ్మన్న కలిసిండు, ఈడ డ్రైవర్ పని చేస్తుండు. వాని పెండ్లాం ఫోన్ల చెప్పిందట. "మీ ఇంట్ల పొట్టేలును కోసిండ్రట కదక్కా, మా ఇంట్లోల్లు గూడ పోయి తినొచ్చిండ్రట" అన్నడు. నేను ఏంది, ఎప్పుడు, ఎందుకు కోసిండ్రు అని మీద పడి అడిగిన. వాడు నా మొకం చూసి బీరిపోయిండు. "మీ అన్ననే అడుగక్కా" అని బండెక్కి పోయిండు.

నేను రాకముందే కందూరు చేసినరా? మొక్కింది నా గురించి, నేను లేకుంట మొక్కు తీరుతదా? నా పేరు మీద ఊరంత తిన్నరు, నాకు ఒక్క ముక్క రాయలే నువ్వు. "వచ్చిన తర్వాత మాట్లాడుకుందాము" అంటే ఇదేనా? వదినె కొంగు నమిలిందనా? అవ్వ ఎట్ల ఒప్పుకున్నది? అవ్వ ఆ పొట్టేలు మీద ఈగను వాలనిస్తదా? అడ్డం పడి ఉంటది. ఆమెను గూడ నోరు మూయించినరా?

దుకాణం కాడికి ఫోన్ చేసిన. వదినె ఎత్తింది. నా గొంతు వినంగనే "అన్న లేడు" అని పెట్టేసింది. నేనేం పాపం చేసిన్నని?

పుస్తకంల మాటలు వద్దు. నిజం రాయి. నీ ఉత్తరాలు తడిసిన సూది లెక్క ఉన్నయి, మంచిగున్నం, మంచిగున్నం అంటున్నయి.

ప్రేమల

*

బాన్సువాడ,
5 డిసెంబర్ 2005

చెల్లె,

కందూరు చెయ్యలే బిడ్డా. అవ్వ పెద్ద దినాలకు కోసినం.

అవ్వ లేదు. వినాయకచవితి పోయినంక జ్వరం తిరగబెట్టింది. నిజామాబాద్ దవాఖాన దాంక తీస్కపోయిన. ఇంటికి తీస్కపొమ్మన్నరు. ఇంటికొచ్చినంక వాకిట్లనే మంచం ఏయించుకున్నది. పొట్టేలు మంచం పట్టె మీద గదువ పెట్టి నిలబడితే, దాని కొమ్ముల నడిమిట్ల గోక్కుంట పన్నది. పొద్దుగాల పోయింది. బాధ పడలే.

నీకు చెప్పొద్దన్నది అవ్వనే. ఒట్టు పెట్టిచ్చుకున్నది. "దానికి చెప్పకురా. కాయితాలు చేతికి రాకుంట అది గోడ దుంకి ఉరుకొస్తది, నాకు ఎరుక. దుంకినోళ్లను పట్టుకొని జైల్ల ఏస్తరట. నా సావు చూసెతందుకొచ్చి అది జైల్ల పడాల్నా? అది నిమ్మలంగ రాని. వచ్చినంక చెప్పు, ఏడ్వని" అన్నది. నాకు గూడ గదే బుగులు. నువ్వు నిలబడవని నాకు తెల్వదా? అందుకే గా సూది సంగతి పొడుగు పొడుగు రాసిన. వేరేది రాస్తే చెయ్యి ఆగకపోవు.

పొట్టేలును కొయ్యొద్దనే అన్న. మన పాలోళ్లు ఇనలే. అవ్వ చేత్తోటి సాదింది అవ్వ దినాలకు కాక దేనికి అన్నరు. అయినా వద్దనే అన్న. గని చెల్లె, అది మేత ముట్టలే. మంచం తీసేసిన జాగల పన్నది, లెవ్వలే. ఎముకలు తేలినయి. ఇగ ఒప్పుకున్న. తపేల దింపెటప్పుడు కూర ఉడికిందా అని అందరడిగిండ్రు. అవ్వ ఉంటే ఆమెనే చూసు కదా. నేను ఈతపుల్ల గుచ్చిన. తీసి పెదిమ దాంక తెచ్చుకున్న. ఆనిచ్చుకోలేకపోయిన. వదినె వచ్చి నా చేతిలకెల్లి పుల్ల గుంజుకున్నది. ఆమె మీద కోపం పెట్టుకోకు. నీ గొంతు వింటే ఏడుపు ఆగదని ఫోన్ పెట్టేసింది.

ఎండకాలమే నువ్వు రావాల్సింది. వచ్చి ఉంటే అవ్వ మంచిగున్నప్పుడే చూస్తువు. మెరిసేదాక రుద్దుమని నేనెందుకు రాసిన్నో. రాత్రి పగలు గదే మనసుల తిరుగుతున్నది.

పండుగ దావత్ ఉత్తరం వచ్చింది. అవ్వను కూసోబెట్టి చదువుమన్నవు. ఆమె మంచం వాకిట్ల మళ్ల ఏసి, దాని మీద నేను కూసొని పెద్దగ చదివిన. ఎవ్వలు చూసినా చూడనియ్ అనుకున్న. ఆమె ఏమంటుండెనో అన్నట్టే రాయుమన్నవు. ఎట్ల రాయాలె చెల్లె? నీకే ఎరుక ఆమె ఏమంటదో. నువ్వే అనుకో.

కోపమొస్తే నన్ను తిట్టు. గోడ మటుకు దుంకకు.

భూమన్న

*

కువైట్,
26 డిసెంబర్ 2005

అన్నా,

గోడ దుంకలే. నీ ఉత్తరం వంటింట్లనే నిలబడి చదివిన. కింద పడ్డ అంట, నాకు తెల్వదు. మేడం ఉరికొచ్చింది. నాకు అరబ్బీల వేరే మాట రాలే, అవ్వను ఈడ ఉమ్మీ అంటరు కదా, "ఉమ్మీ, ఉమ్మీ" అన్న, అంతే. ఆమెకు సమజైంది. వాళ్ల తల్లి మంచం కాడికి తీస్కపోయి కూసోబెట్టింది. ఆ ముసలామె నా తల ఒళ్లె పెట్టుకున్నది. లేసినంక అవ్వ పేరు మీద తలార నీళ్లు పోసుకున్న. ఈడ నా కోసం ఏడ్సెటోళ్లు ఎవ్వలున్నరు అనుకున్న, ఉన్నరు.

మేడం బీరువ తీసి పాస్‌పోర్టు నా చేతిల పెట్టింది. టికెట్ ముందుకు మార్పిచ్చింది. జనవరి మొదటి వారం వస్తున్న. హైదరాబాద్‌ల దిగి బస్సెక్కుత, నువ్వు బాన్సువాడ బస్టాండుల ఉండు చాలు.

నీ మీద కోపం లేదు. అవ్వ ఒట్టు పెట్టిస్తే నువ్వు మాత్రం ఏం చేస్తవు. ఉప్పు కాగితం గురించి ఇంకోసారి రాయకు, అనకు. నువ్వు రుద్దుమన్నంత వరకు మంచిగనే చెప్పినవు, నీళ్లల్ల ఏసింది నేను. నాకు చింతపండు నేర్పింది అవ్వ. ఇగ ఎవ్వలను అంటం? ముగ్గురం బాగనే చెయ్యబోయినం.

మొక్కు మొక్కే అన్నా. పెద్ద పొట్టేలును కొనకు. ఒక పిల్లను చూడు, పాలుగారేది. నేనే సాదుత. కొమ్ములు తిరిగినంక పెద్దగుట్ట పోదాం. ఇగ ఈ దేశం మళ్ల ఎక్కను. పులి దుప్పటి అవ్వ మంచం మీదనే పర్సుత, పిల్ల పంటది దాని మీద.

కొత్త సూది వచ్చింది. పిన్ను గట్టిగ కూసుంటది, వైరు మందంగ ఉన్నది, అంకె మినుకుమనదు. నిన్న కోడికి పెట్టి చూసిన. అంకె వచ్చినా నాకు నమ్మకం కుదరలే. మళ్ల సీకు గుచ్చి పెదిమకు ఆనిచ్చుకున్న, అలవాటైంది.

ఇంకొకటి చెప్పాలె. పండుగ నాడు కాలిన కాడ పొక్కు లేసి, ఎండి, రాలిపోయింది. మచ్చ మటుకు పోలే, నల్లగ నిలబడ్డది. కింది పెదిమ మీద, ఎడమ దిక్కు. పొద్దున అద్దంల చూసుకొని వేలితోటి తడుముకున్న. అవ్వకు గాడనే ఉండె కదా. మనం ఇన్నేండ్లు పుట్టుమచ్చ అనుకున్నం. నోరు ఆగదని నవ్వినం. మనకు కూర ఉడికిందా లేదా అని చూసి చూసి పడ్డదన్నా అది.

నేను దిగినంక నువ్వే చూస్తవు.

నీ చెల్లె,
ప్రేమల